యాభై దాటాక దత్తత: నాకు రోజూ వినపడే అపోహలు, అసలు సంగతులు

మొన్న ఎంవీపీ కాలనీ నుంచి ఒకావిడ ఫోన్ చేశారు, వయసు 52, పెళ్ళి చేసుకోలేదు, రిటైర్‌మెంట్‌కి ఇంకా టైముంది, ఇద్దరు చిన్నపిల్లల్ని తెచ్చుకుని పెంచుకుందామని ఉంది, మూడేళ్ళ లోపు వాళ్ళయితే మన అలవాట్లు వస్తాయి కదా మేడమ్, ఇస్తారా అని. దత్తత కోసం అప్లై చేసినవాళ్ళ ఇళ్ళకెళ్ళి హోమ్ స్టడీ (బిడ్డని పెంచే పరిస్థితి ఉందో లేదో చూసి రిపోర్టు రాయడం) చేయడమే నా పని, వైజాగ్‌లో నేను ఎక్కని అపార్ట్‌మెంట్ మెట్లు లేవు, అయినా ఇలాంటి ఫోన్ వచ్చినప్పుడల్లా మొదట్నుంచీ చెప్పుకురావాల్సిందే. అందుకే రాసి పెడుతున్నా.

అపోహ: యాభై దాటిన ఒంటరి ఆడమనిషికి పిల్లల్ని ఇవ్వరు.

ఇస్తారండీ. కాకపోతే మీ వయసుని బట్టి పిల్లల వయసు. 2022 దత్తత నిబంధనల ప్రకారం రెండేళ్ళ లోపు బిడ్డ కావాలంటే సింగిల్ పేరెంట్‌కి 40 దాటకూడదు, 2 నుంచి 4 ఏళ్ళ పిల్లలకైతే 45, 4 నుంచి 8 అయితే 50, 8 నుంచి 18 లోపు వాళ్ళకి 55. భార్యాభర్తలైతే ఇద్దరి వయసూ కలిపి చూస్తారు, అదే వరసలో 85, 90, 100, 110. అంటే 52 ఏళ్ళావిడకి మూడేళ్ళ బిడ్డ రాదు, ఎనిమిది దాటిన పిల్లలు వస్తారు. ఆవిడ ఫోన్లో కాసేపు ఏం మాట్లాడలేదు. "అంత పెద్దవాళ్ళా" అన్నారు చివరికి.

అపోహ: పెద్ద పిల్లలు మనకి అలవాటు పడరు, పాత ఇల్లు మర్చిపోరు.

మర్చిపోరు, నిజమే, ఎందుకు మర్చిపోవాలి? మర్చిపోవాలని మీరు పట్టుబడితేనే గొడవ మొదలవుతుంది. ఒక ఇంట్లో తొమ్మిదేళ్ళ పిల్లాడు వచ్చిన నెలకి దిండు కింద జంతికలు, సగం కొరికిన బ్రెడ్డు దొరికాయి, ఆ అమ్మగారు నాకు ఫోన్ చేసి వీడికి దొంగబుద్ధి ఉందండీ అని ఏడ్చారు. దొంగబుద్ధి కాదమ్మా, రేపు తిండి దొరుకుతుందో లేదో అన్న లెక్క అది, తిట్టకండి, వాడికంటూ ఒక డబ్బా ఇచ్చి అందులో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేలా చూడండి అని చెప్పాను. రెండు మూడు నెలలకి ఆ డబ్బాలో జంతికలు మెత్తబడిపోతున్నా వాడు పట్టించుకోవట్లేదట. అందరి దగ్గరా ఇంత తొందరగా అవదు, కొందరు ఏడాది దాకా అమ్మా అని పిలవరు, ఆంటీ అంటారు, అననివ్వండి. బిడ్డ మీ ఇంటికొచ్చిన రోజు నుంచి రెండేళ్ళ పాటు ఆరు నెలలకోసారి మేము ఇంటికొస్తాం, తప్పులు పట్టడానికి కాదు, ఇలాంటివి అడుగుతారనే.

ఇక చిన్నబిడ్డల కోసమైతే మూడేళ్ళ పైనే వెయిటింగ్ నడుస్తోంది, పెద్ద పిల్లలకీ అక్కాతమ్ముళ్ళకీ ఇళ్ళు దొరకడమే కష్టం.

అపోహ: ఫోస్టర్ కేర్‌లో తెచ్చుకుంటే దత్తత దానంతటదే అయిపోతుంది.

ఇది చాలామంది గుండె కోతకి కారణం, కాబట్టి జాగ్రత్తగా చదవండి. ఫోస్టర్ కేర్ అంటే బిడ్డని కొన్నాళ్ళు మీ ఇంట్లో పెంచడం. ఆ బిడ్డకి కన్నవాళ్ళు ఉండొచ్చు, తిరిగి అక్కడికి వెళ్ళిపోవచ్చు కూడా. 2024లో వచ్చిన గైడ్‌లైన్స్‌తో 35 నుంచి 60 మధ్య ఉన్న ఒంటరివాళ్ళు కూడా ఆరేళ్ళు దాటిన పిల్లల్ని ఇలా తీసుకోవచ్చు, మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద నెలకి 4000 రూపాయలు వస్తుంది. రెండేళ్ళు మీ దగ్గర ఉన్నాక దత్తతకి అడగొచ్చు (ఇంతకుముందు ఐదేళ్ళు ఆగాలి), కానీ బాలల సంక్షేమ కమిటీ ఆ బిడ్డని దత్తతకి ఇవ్వొచ్చని తేల్చి ఉండాలి. వెళ్ళిపోతే తట్టుకోలేను అనుకునేవాళ్ళు ఈ దారికి రాకండి, నేరుగా దత్తతకే రిజిస్టర్ చేసుకోండి.

అపోహ: ఆస్పత్రిలో ఎవరో ఇస్తామన్నారు, స్టాంప్ పేపర్ రాయించుకుంటే చాలు.

చాలదు, అది నేరం. మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, డబ్బు చేతులు మారితే ఐదేళ్ళ దాకా. ఇలా అనాథ పిల్లల్ని, వదిలేసిన పిల్లల్ని తీసుకోవాలంటే కారా (కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ) పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ తప్ప అడ్డదారి లేదు. ఆర్డర్ ఇచ్చేది కూడా 2022 సెప్టెంబర్ నుంచి కోర్టు కాదు, కలెక్టర్ గారు.

ఒంటరి ఆడవాళ్ళకి ఆడపిల్లనే ఇస్తారంటారు, అదేం లేదు, మగపిల్లాణ్ణీ ఇస్తారు; ఒంటరి మగవాళ్ళకే ఆడపిల్లని ఇవ్వరు. సొంతిల్లు అక్కర్లేదు. కులం, గోత్రం ఎక్కడా అడగరు, మా పెద్దమ్మ తప్ప.

ఇంకోటి, చాలామందికి తెలీదు. చెల్లెలి పిల్లలో కూతురి పిల్లలో దిక్కులేకుండా ఉంటే అమ్మమ్మ, నాయనమ్మ, పిన్ని, పెద్దమ్మ, మేనత్త చట్టప్రకారం దత్తత తీసుకోవచ్చు, ఇక్కడ పైన చెప్పిన వయసు లిమిట్ వర్తించదు. మనవణ్ణి కొడుకులా పెంచుతున్న ముసలమ్మలు గోపాలపట్నం వైపు నాకే ఇద్దరు ముగ్గురు తెలుసు, కాగితాలు మాత్రం లేవు.

అపోహ: హోమ్ స్టడీలో బ్యాంక్ బ్యాలెన్స్ చూస్తారు, మిగతాదంతా ఫార్మాలిటీ.

ఆదాయం, మెడికల్ సర్టిఫికెట్ చూస్తాం. కానీ యాభై దాటినవాళ్ళ దగ్గర నేను ఎక్కువసేపు కూర్చునేది ఒక్క ప్రశ్న దగ్గర: బీపీ షుగర్ సంగతి సరే, మీకేమన్నా అయితే ఈ పిల్లల్ని ఎవరు చూస్తారు? సింగిల్ పేరెంట్‌కైతే దగ్గరి చుట్టం ఒకరు చూసుకుంటామని రాసివ్వాలి కూడా. దేవుడున్నాడు అంటారు కొందరు, దేవుడు సంతకం పెట్టడు కదండీ.

ఎంవీపీ కాలనీ ఆవిడ మళ్ళీ ఫోన్ చేశారు, ఎనిమిది దాటినవాళ్ళయినా పర్లేదు, అక్కాచెల్లెళ్ళుంటే విడదీయకుండా ఇద్దర్నీ ఇస్తారు కదా అని. సంతకం ఎవరు పెడతారు అంటే గాజువాకలో చెల్లెలి కూతురుంది, అది కాదనదు అన్నారు. అడిగారా అంటే, ఇంకా లేదు. ముందు ఈ ఆదివారం వెళ్ళి ఆ పిల్లతో మాట్లాడి రమ్మన్నాను, రిజిస్ట్రేషన్ సోమవారం చేసుకోవచ్చు.