సైకిలు హ్యాండిల్ మీద ఆ కొమ్ములెందుకు?

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకి తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. తెల్లవారుజామున కారులో వస్తుంటే హైవే అంచున కొందరు సైకిళ్ళ మీద పోతున్నారనీ, వాళ్ళలో ఒకాయన హ్యాండిల్ మీద మోచేతులు ఆనించి, ముందుకు పొడుచుకొచ్చిన రెండు గొట్టాలు పట్టుకుని వంగిపోయి తొక్కుతున్నాడనీ రాశారు. "తాతయ్యా, ఆయనకి నిద్రొచ్చిందా?" అని చిన్నా అడిగాడు. మంచి ప్రశ్న. నిద్ర కాదురా, కానీ విశ్రాంతి అన్నావంటే చాలావరకు నిజమే.

ఆ గొట్టాల్ని ఏరో బార్లు అంటారు. మామూలు హ్యాండిల్‌కే అలెన్ కీతో బిగించుకుని, అక్కర్లేనప్పుడు ఊడదీసుకునే రకాన్ని క్లిప్-ఆన్ అంటారు. మీరు చూసినవాళ్ళు బహుశా బీఆర్ఎం తొక్కుతున్నవాళ్ళు, అంటే గడువు పెట్టుకుని చాలా దూరం తొక్కే సైకిలు యాత్ర. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 300 అయితే 20 గంటల్లో, 600 అయితే 40 గంటల్లో పూర్తి చెయ్యాలి. అందులో ఫస్టు, సెకండు ఉండవు. గడువులోపల వచ్చిన ప్రతివాడూ గెలిచినట్టే. ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం.

ఇప్పుడు గాలి సంగతి. శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్ళకు వెళ్ళాం కదా, ఆ జనం గుర్తున్నారా? గాలంటే అదే, కంటికి కనపడని తిరనాళ్ళ. మెల్లగా నడిచావనుకో, జనం పక్కకు జరిగి దారిస్తారు. అదే జనంలో పరుగెత్తి చూడు. రెండింతల వేగంతో వెళితే నిమిషానికి రెండింతల మంది అడ్డొస్తారు. ఒక్కొక్కళ్ళు తగిలే దెబ్బ కూడా రెండింతలే. రెండు రెళ్ళు నాలుగు. అంటే వేగం రెట్టింపు చేస్తే ఎదురయ్యే తోపు నాలుగింతలు. పైగా ఆ తోపును రెండింతల వేగంతో నెట్టుకుపోవాలి కాబట్టి కాళ్ళు పెట్టాల్సిన శక్తి ఎనిమిదింతలు అవుతుంది. గంటకు పది కిలోమీటర్ల వేగంతో పోయేవాడు గాలిని పట్టించుకోడు. ముప్పైతో పోయేవాడికి చదునైన రోడ్డు మీద అసలు శత్రువు గాలే.

మరి తిరనాళ్ళలో మీ నాన్న ఏం చేశాడు? చేతులు దగ్గరికి ముడుచుకుని, భుజాలు దించుకుని, సందు చూసుకుని దూరిపోయాడు. ఏరో బార్ల మీద వంగినవాడు చేసేదీ అదే. సైకిలుకు తగిలే గాలి కన్నా మనిషి ఒంటికి తగిలే గాలే చాలా ఎక్కువ. మొత్తంలో నాలుగింట మూడు వంతుల దాకా ఉంటుంది. అందుకే సైకిలును సన్నంగా చెయ్యడం కన్నా మనిషి సన్నబడటం లాభం. నిటారుగా కూర్చుని తొక్కేవాడు కోటప్పకొండ ప్రభ లాంటివాడు, అంత ఎత్తున కదిలితే తిరనాళ్ళంతా అడ్డమే. ఇంకో సంగతి, జనంలో దూసుకుపోతుంటే ముందునుంచి తోసేవాళ్ళుంటారు, నీ వెనక మాత్రం కాసేపు ఖాళీగా ఉంటుంది. అటునుంచి నిన్ను ముందుకు తోసేవాడుండడు. గాలిలోనూ అంతే, వీపు వెనక ఒత్తిడి తగ్గుతుంది. మీరు నాన్న వెనక నడిచినప్పుడు సుఖంగా ఉంది చూశారా, సైకిళ్ళవాళ్ళు ఒకరి వెనక ఒకరు పోయేది ఆ ఖాళీ కోసమే.

ఆ వెనక ఖాళీలో గాలి ఎలా సుళ్ళు తిరుగుతుందో చెప్పడం పెద్దపెద్దవాళ్ళకే కష్టం. వాగులో బండరాయి దాటిన నీటిని నిలబడి చూస్తే నేను చెప్పేదానికన్నా బాగా తెలుస్తుంది. వాన పడ్డాక వెళ్ళి చూడండి.

మా చిన్నప్పుడు మా ఊరినుంచి నరసరావుపేటకు పాలు వేసుకెళ్ళే ఆయన ఒకాయన ఉండేవాడు. వెనక క్యారియరుకు అటో క్యాను, ఇటో క్యాను. ఎండాకాలం పడమటి గాలి తిరిగిందంటే ఆయన హ్యాండిల్ మీద రెండు ముంజేతులూ అడ్డంగా వేసి, గడ్డం దించి తొక్కేవాడు. మేం పిల్లలం ఆయన గాలిని తప్పించుకుంటున్నాడనే అనుకున్నాం. ఒకసారి మా అమ్మ చిల్లర ఇస్తే ఆ పైసలు ఆయన వేళ్ళలోంచి జారి అరుగు మీద పడిపోయాయి. అరచెయ్యి తిప్పి చూపించాడు. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కి ఉన్నాయి. పట్టుకున్నది నాణెమో కాదో కూడా తెలియట్లేదన్నాడు. హ్యాండిల్‌కు పాత ట్యూబు ముక్క చుట్టుకున్నా చాల్లేదు. ఆయన ముంజేతులు వాల్చేది గాలి కోసం ఎంతో, ఆ అరచేతుల కోసం అంతకంటే ఎక్కువ.

మోచెయ్యి తలుపు చెక్కకు తగిలితే చిటికెన వేలి దాకా జివ్వుమంటుంది కదా? ఆ నరమే మణికట్టు దాటి అరచేతి అంచులోంచి పోతుంది. గంటల తరబడి ఒంటి బరువు ఆ అంచు మీద పడితే నరం నలుగుతుంది. రోజంతా, రాత్రంతా తొక్కేవాళ్ళలో కొందరికి వారాల తరబడి చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా రాదు. ఏరో బార్ల మీదికి వంగితే బరువు అరచేతినుంచి ముంజేతి ఎముకల మీదికి పోతుంది. ప్యాడ్ మాత్రం సరిగ్గా మోచేతి మొన కింద ఉండకూడదు, కాస్త ముందుకు, ముంజేతి కండ కింద ఉండాలి. లేకపోతే అదే నరం ఈసారి పైన నలుగుతుంది.

అందుకే దూరాలు తొక్కేవాళ్ళ ప్యాడ్లు, పొట్టి రేసులవాళ్ళ ప్యాడ్లంత కిందికి ఉండవు. కింద ముక్కలు వేసి ఎత్తు పెంచుకుంటారు. వేగం కొంచెం పోయినా నడుము, మెడ నిలబడతాయి. తెలివి అక్కడుంది. ఎంత కిందికి వంగగలవన్నది కాదు, ఎన్ని గంటలు అలా ఉండగలవన్నది లెక్క. మీరు చదువుకోవడానికి కూర్చున్నా ఇదే గుర్తుపెట్టుకోండి. మెడ మాట తేలిగ్గా తీసుకోవద్దు. 1983లో అమెరికాను అడ్డంగా దాటే రేసులో మైకేల్ షెర్మర్ అనే ఆయన మెడ కండరాలు పూర్తిగా చేతులెత్తేశాయి, తల నిలబెట్టలేకపోయాడు. ఇప్పటికీ ఆ బాధకు ఆయన పేరే.

అదే రేసులో 1986లో పీట్ పెన్సేరెస్ ముంజేతులు ఆనించుకునే బార్లతో సుమారు ఐదు వేల కిలోమీటర్లు ఎనిమిదిన్నర రోజుల లోపల తొక్కి గెలిచాడు. నిద్ర, తిండి అన్నీ కలుపుకుని గంటకు దాదాపు పాతిక కిలోమీటర్లు! ఆ సగటు వేగాన్ని 2013 దాకా ఎవరూ దాటలేదు. ఆ రోజుల్లోనే బూన్ లెనన్ అనే స్కీయింగ్ కోచ్, మంచుకొండ మీంచి జారేవాళ్ళు చేతులు ముందుకు పెట్టి ముడుచుకోవడం చూసి, సైకిలుకు అలాంటి బార్లు తయారుచేశాడు. లోకమంతటికీ తెలిసింది మాత్రం 1989లో టూర్ ద ఫ్రాన్స్ అనే పెద్ద సైకిలు పందెం చివరి రోజున. వెర్సాయ్ నుంచి ప్యారిస్‌కు 24.5 కిలోమీటర్లు. అమెరికావాడు గ్రెగ్ లెమాండ్, అందరికన్నా ముందున్న ఫ్రాన్సువాడు లోరాన్ ఫిన్యోఁ కన్నా 50 సెకన్లు వెనకబడి ఉన్నాడు. ఏరో బార్ల మీద వంగి ఆ ఒక్క రోజు పరుగులో ఫిన్యోఁ కన్నా 58 సెకన్లు తక్కువలో వచ్చాడు. మూడు వేల కిలోమీటర్లకు పైగా సాగిన టూర్‌ను 8 సెకన్ల తేడాతో గెలిచాడు. ఫిన్యోఁ ఏరో బార్లు లేకుండా, హెల్మెట్ లేకుండా, జుట్టు పిలక వేసుకుని తొక్కాడు. ఆ ఓటమి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇక భద్రత విషయం. బుజ్జీ, ఇది నువ్వు తమ్ముడికి రెండుసార్లు చదివి వినిపించు. ఆ గొట్టాలు పట్టుకుని ఉన్నప్పుడు బ్రేకులు చేతిలో ఉండవు. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో సైకిలు సెకనుకు ఎనిమిది మీటర్లు దాటి పోతుంది. చెయ్యి బ్రేకు దాకా వెళ్ళేలోపలే కుక్కో గేదో అడ్డం రావచ్చు. మోచేతులు దగ్గరగా ఉంటే హ్యాండిల్ తిప్పడమూ కష్టమే, చిన్న గుంతకే అదుపు తప్పుతుంది. అందుకే తెలిసినవాళ్ళు ఊళ్ళో, గుంపులో, దిగుడు రోడ్డులో, గతుకుల్లో వాటి జోలికి పోరు. ఖాళీగా, చదునుగా, ముందు దూరం దాకా కనపడే రోడ్డు మీదే వంగుతారు. నాలుగేళ్ళకోసారి జరిగే 1200 కిలోమీటర్ల ప్యారిస్-బ్రెస్ట్-ప్యారిస్‌లో ఈ బార్లను చాలా ఏళ్ళపాటు రానివ్వలేదు. వేలమంది గుంపులుగా తొక్కేచోట బ్రేకు మీద చెయ్యి లేనివాడు పక్కవాడికి కూడా ప్రమాదం కదా.

మీ సైకిళ్ళకు ఆ బార్లు కావాలని నాన్నను అడగొద్దు. మీకు అంత దూరాలు లేవు, మీ ఎముకలు ఇంకా పెరుగుతున్నాయి. దానికి బదులు ఒక పని చెయ్యండి. మీ కాలనీ వెనక పార్కు దగ్గర కొంచెం వాలుగా ఉండే రోడ్డుంది చూడండి, పొద్దున్నే బళ్ళు తిరగకముందు అమ్మనో నాన్ననో తీసుకుని అక్కడికి వెళ్ళండి. పైన ఒక గీత గీసి, అక్కడినుంచి తొక్కకుండా సైకిలును వదలండి. మొదట నిటారుగా కూర్చుని. తర్వాత బ్రేకుల మీద వేళ్ళుంచే, మోచేతులు మడిచి, గడ్డం హ్యాండిల్ దగ్గరికి దించి, చూపు మాత్రం రోడ్డు మీదే ఉంచి. రెండుసార్లూ సైకిలు ఆగినచోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి. గాలి లేని రోజు ఒకసారి, ఎదురుగాలి ఉన్న రోజు ఒకసారి చెయ్యండి. గుర్తుల మధ్య ఎన్ని అడుగులు వచ్చాయో బుజ్జి కొలిచి, చిన్నా రాసి, నాకు పంపండి.

మీ తాతయ్య