డాక్టర్లందరూ మగవాళ్ళే, మాత్ర మాత్రం అందరికీ

గుండెకి మంచిదని రోజూ చిన్న యాస్పిరిన్ వేసుకునేవాళ్ళు మన ఇళ్ళల్లో బోలెడుమంది. ఆ నమ్మకానికి బలం ఇచ్చిన స్టడీ ఒకటి 1980ల్లో అమెరికాలో జరిగింది, 22,071 మంది డాక్టర్లు, సగం మందికి రోజు విడిచి రోజు 325 మిల్లీగ్రాముల యాస్పిరిన్, మిగతావాళ్ళకి మందు లేని ఉత్తుత్తి మాత్ర. మొదటి హార్ట్ ఎటాక్ 44 శాతం తగ్గిందని 1989లో తేల్చారు. అంతా బానే ఉంది గానీ ఆ 22 వేల మందిలో ఒక్క ఆడమనిషి లేదు!

అప్పట్లో లేడీ డాక్టర్లు తక్కువ అన్నారు. సరే, నర్సులు లేరా? తర్వాత 39,876 మంది ఆడవాళ్ళతో వేరే స్టడీ పెడితే అందులో ఎక్కువమంది నర్సులే మరి. పదేళ్ళు చూసి 2005లో చెప్పిందేంటంటే, మొదటి హార్ట్ ఎటాక్ మొత్తమ్మీద పెద్దగా తగ్గలేదు, 65 దాటినవాళ్ళకి తగ్గింది, స్ట్రోక్ మాత్రం 17 శాతం తగ్గింది, కడుపులో బ్లీడింగ్ పెరిగింది. డోస్ కూడా వేరే (100 మిల్లీగ్రాములు) కాబట్టి తేడా అంతా ఆడా మగా వల్లే అనలేం, కానీ అడక్కపోతే ఈ మాత్రం కూడా తెలిసేది కాదుగా. (ఇది చదివి ఎవరూ సొంతంగా మాత్ర మానేయకండి, డాక్టర్ని అడగండి.)

అసలు ఆడవాళ్ళని ఎందుకు పక్కన పెట్టారంటే థాలిడమైడ్ భయం ఒకటి, కడుపుతో ఉన్నవాళ్ళు ఆ మందు వేసుకోవడం వల్ల వేలమంది పిల్లలు అవయవ లోపాలతో పుట్టారు. దాంతో 1977లో అమెరికాలో మందులకి పర్మిషన్ ఇచ్చే ఎఫ్‌డీఏ, పిల్లల్ని కనే వయసు ఆడవాళ్ళని మందుల తొలిదశ ట్రయల్స్‌లోకి తీసుకోవద్దంది, గర్భం రాకుండా పిల్స్ వాడేవాళ్ళనీ, పెళ్ళికానివాళ్ళనీ, ఆఖరికి భర్తకి వేసెక్టమీ అయినవాళ్ళనీ కూడా! ట్రయల్‌లో వద్దన్నవాళ్ళకే రేపు షాపులో అదే మందు అమ్ముతారు, అప్పుడు ప్రమాదం ఉండదా? 1993లో గానీ ఆ రూల్ మార్చలేదు, ప్రభుత్వ డబ్బుతో చేసే రీసెర్చ్‌లో ఆడవాళ్ళు ఉండాలని చట్టం వచ్చింది కూడా ఆ ఏడాదే.

ఇంకోటి నిద్రమాత్ర జోల్పిడెం. అమెరికాలో 1992లో పర్మిషన్ వస్తే ఆడవాళ్ళ డోస్ 10 నుంచి 5 మిల్లీగ్రాములకి తగ్గించింది 2013లో. ఆడవాళ్ళ ఒంట్లోంచి అది నిదానంగా పోతుంది, 10 మిల్లీగ్రాములు వేసుకుని పడుకుంటే ఎనిమిది గంటల తర్వాత కూడా డ్రైవింగ్‌కి ప్రమాదమయ్యేంత మందు రక్తంలో ఉన్నది మగవాళ్ళలో 3 శాతం మందికైతే ఆడవాళ్ళలో దాదాపు 15 శాతం మందికి.