ఎనిమిది డిగ్రీల తేడా

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు అడిగారు. గ్రీసులో శాంటొరినీ ద్వీపం చూడ్డానికి వెళ్ళినప్పుడు, అక్కడ ఓక్ చెక్క పీపాలో ఉంచిన తెల్ల వైన్ రుచి చూశారట. ‘కొబ్బరి, లవంగం, వెనకాల సన్నగా పొగ వాసన. నచ్చి ఒక సీసా తెచ్చుకున్నాం. ఇంట్లో ఫ్రిజ్‌లోంచి తీసి పోసుకుంటే ఆ వాసనలేవీ లేవు, చింతపండు నీళ్ళలా ఉంది. దారిలో పాడైపోయిందంటారా?’

పాడవలేదండీ, మరీ చల్లబడింది.

ముందు ఆ ‘చింతపండు’ దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. ఆమె పోలికగా అన్న మాట రసాయనశాస్త్రంలో అక్షరాలా నిజం. చింతపండు పులుపుకి ముఖ్య కారణం టార్టారిక్ ఆమ్లం, ద్రాక్షలోనూ ఉండేది అదే. మామూలుగా మనం తినే పళ్ళలో పులుపు చాలావరకు సిట్రిక్, మాలిక్ ఆమ్లాలది. టార్టారిక్‌ని ఇంత దండిగా కూడబెట్టే పళ్ళు చాలా అరుదు. శాంటొరినీలో పండే అసీర్టికో అనే తెల్ల ద్రాక్ష ఎండకి బాగా పండినా పులుపు పోగొట్టుకోదు. వైన్ పీహెచ్ (ఈ అంకె ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ) 3 దరిదాపుల్లో ఉంటుంది. దీనికి నేల సాయం కూడా ఉంది. సుమారు 3,600 ఏళ్ళ క్రితం పేలిన అగ్నిపర్వతం పరిచిపోయిన బూడిద, నురగరాయి అది. పొటాషియం తక్కువ. పొటాషియం ఎక్కువుంటే టార్టారిక్‌తో కలిసి స్ఫటికాలై అడుక్కి దిగిపోతుంది, పులుపు తగ్గుతుంది. ‘ఈ వైన్‌లో అగ్నిపర్వతం రుచి తెలుస్తుంది’ అని చెప్పేవాళ్ళున్నారు. రాయికి రుచి లేదు, వేరు రాయిని తాగదు. నేల పనిచేసేది ఇలా, పొటాషియం లాంటి చాటు దారుల్లో.

తీగల్ని అక్కడ పందిరి మీదికి పాకించరు. సముద్రపు గాలికి తట్టుకోవాలని నేలమీదే బుట్ట అల్లినట్టు గుండ్రంగా చుట్టేస్తారు. గుత్తులు ఆ బుట్ట లోపల కాస్తాయి.

అక్కడి ఓక్ వైన్లలో సంప్రదాయమైనది ‘నిక్టేరి’. ఎండ వేడి తగలకుండా రాత్రిపూట ద్రాక్ష తొక్కేవాళ్ళు, పేరులో ఉన్నది ఆ రాత్రే. నిబంధనల ప్రకారం కనీసం 75 శాతం అసీర్టికో ఉండాలి, ఆల్కహాల్ 13.5 శాతానికి తగ్గకూడదు, కనీసం 3 నెలలు ఓక్‌లో ఉండాలి.

ఇప్పుడు వాసనల సంగతి. పీపా చేసేవాళ్ళు చెక్క పలకల్ని ఏళ్ళ తరబడి ఆరుబయట ఆరబెట్టి, వంచి, లోపలి వైపు నిప్పుమీద కాలుస్తారు. మన పోపు లాంటిదే ఈ పని: ఎంతసేపు, ఎంత మంట అన్నదాన్ని బట్టి వాసన మారిపోతుంది. చెక్కకి గట్టిదనమిచ్చే లిగ్నిన్ విరిగి వెనిలిన్, గ్వయకాల్ పుడతాయి. వెనిలా వాసన మొదటిదానిది, పొగ రెండోదానిది. యూజెనాల్ కూడా ఉంటుంది. లవంగానికీ తులసికీ ఘాటిచ్చేది ఇదే అణువు. ఇక కొబ్బరి వాసన ఇచ్చేది ఓక్ లాక్టోన్. అసలు కొబ్బరిలో ఉండేవి వేరే లాక్టోన్లు, కానీ ముక్కు రెంటినీ ఒకే పేరుతో పిలుస్తుంది. ఇంకో విశేషం. రసం పీపాలోనే పులిస్తే, పులిశాక పీపాలో పోసినదానికంటే చెక్క వాసన తక్కువుంటుంది. ఈస్టు వెనిలిన్‌ని వాసన దాదాపు లేని వెనిలైల్ ఆల్కహాల్‌గా మార్చేస్తుంది మరి.

ఈ అణువులన్నీ గ్లాసులో ఉన్నంత మాత్రాన చాలదు. ద్రవాన్ని వదిలి, గాలిలోకి లేచి, ముక్కుదాకా రావాలి. రాత్రి మిగిలిన చారుని పొద్దున్న ఫ్రిజ్‌లోంచి తీసి మూత తెరవండి. ఇంగువ ఒక్కటే పలుకుతుంది. ధనియాలు, మిరియాలు, కరివేపాకు ఎక్కడికీ పోలేదు, గిన్నెలోనే ఉన్నాయి. పొయ్యి మీద పెట్టగానే ఒక్కొక్కటే లేచి వస్తాయి. ముందు తేలికవి, తర్వాత బరువైనవి. వైన్ కూడా ఇలాంటి చారే, కాకపోతే ఇక్కడ పొయ్యి అక్కర్లేదు, నాలుగైదు డిగ్రీలు అటూ ఇటూ అయితే చాలు.

ఎంత తేడా వస్తుందో, వేడికీ ఆవిరి పీడనానికీ లంకె చెప్పే క్లాసియస్-క్లాపెరాన్ సమీకరణంతో లెక్క కట్టవచ్చు. పండు వాసనల జాతికి చెందిన తేలిక అణువు ఇథైల్ ఎసిటేట్‌ని ఆవిరి చేయడానికి మోల్‌కి సుమారు 35 కిలోజౌళ్ళు కావాలి. 4 డిగ్రీల నుంచి 12 డిగ్రీలకు వేడెక్కితే దాని ఆవిరి పీడనం ఒకటిన్నర రెట్లవుతుంది. 70 కిలోజౌళ్ళు అడిగే బరువైన అణువుకి అదే 8 డిగ్రీల్లో సుమారు 2.3 రెట్లు పెరుగుతుంది. వైన్‌లో ఇవి శుద్ధంగా కాక కరిగి ఉంటాయి కాబట్టి అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి, తీరు మాత్రం ఇదే. అంటే చల్లదనం అన్ని వాసనల్నీ సమానంగా తగ్గించదు. చెక్క ఇచ్చిన బరువైన వాసనల్నే ఎక్కువగా అణిచేస్తుంది. ఓక్ లేని తెల్ల వైన్ 8 డిగ్రీల దగ్గర బాగానే ఉంటుంది. ఓక్ వైన్ అక్కడ సగం మూగగా ఉంటుంది.

నాలుక వైపు కూడా ఇలాంటి కథే నడుస్తుంది. తీపిని మెదడుకి చేరవేసే దారిలో టీఆర్‌పీఎం5 అనే ప్రోటీన్ ద్వారం ఉంది. అది చలికి ముడుచుకుంటుంది. కరిగిన ఐస్‌క్రీమ్ మరీ తియ్యగా అనిపించడం అందుకే. పులుపు ఆ ద్వారం గుండా వెళ్ళదు. కాబట్టి చల్లని గ్లాసులో తీపి ఛాయ తగ్గి, వాసన తగ్గి, టార్టారిక్ ఒక్కటే మిగులుతుంది. మన పాఠకురాలికి తగిలింది అదే చింతపండు.

నాలుక అనగానే బడిలో బొమ్మ గీయించి నేర్పిన పాఠం గుర్తొస్తుంది: తీపి కొసన, పులుపు పక్కల, చేదు వెనక. ఆ పటం తప్పు. 1901లో హ్యానిగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త కొలిచిన చిన్న చిన్న తేడాల్ని తర్వాతివాళ్ళు అపార్థం చేసుకోగా పుట్టింది. రుచిమొగ్గలున్న ప్రతి చోటా అన్ని రుచులూ తెలుస్తాయి. కొసన చుక్క నిమ్మరసం వేసుకుంటే తేలిపోయే సంగతిని ఇన్ని తరాల పిల్లలచేత బట్టీ పట్టించడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

వంటింటి థర్మామీటరు గ్లాసులో పెట్టుకుని నేనొక శాంటొరినీ ఓక్ వైన్‌ని గమనించాను. 5 డిగ్రీల దగ్గర నిమ్మతొక్క, పులుపు. 8 దగ్గర కూడా పెద్ద మార్పు లేదు. 11 దాటుతుండగా కొబ్బరి వచ్చింది, పచ్చి కొబ్బరి కాదు, వేయించిన కొబ్బరి. 13కి లవంగం. 19 దాటాక ఆల్కహాల్ ముక్కుకి గుచ్చుకోవడం మొదలై మిగతావాటిని కప్పేసింది. ఆవిరయ్యే గుణం దానికి మరీ ఎక్కువని కాదు, గ్లాసులో ఏడో వంతు అదే ఉంది, పైగా అది ముక్కులోని మంట నరాల్ని కదిలిస్తుంది.

కాబట్టి 11-13 డిగ్రీల మధ్య తాగండి. సీసాని ఫ్రిజ్‌లోంచి అరగంట ముందు తీస్తే సరిపోతుంది. విశాఖ ఉక్కపోతలో ఇంకా త్వరగా వేడెక్కుతుంది. సీసా ఒంటిమీద చెమరించే ప్రతి గ్రాము నీరూ సుమారు 2,450 జౌళ్ళ వేడి వదులుతుంది, అందులో అధికభాగం లోపలికే పోతుంది. గ్లాసు కడుపు వెడల్పుగా ఉండాలి, మూడో వంతే పోయాలి, ఆవిరి నిలవడానికి చోటుండాలి కదా.

తోడుగా ఏం తినాలి? ద్వీపంలో దీనికి జోడీ ‘ఫావా’. పసుపుపచ్చని పప్పుని మెత్తగా ఉడికించి, ఉల్లిపాయ, ఆలివ్ నూనె, నిమ్మరసం వేసి పెడతారు. చూస్తే మన ముద్దపప్పే. ఆ పప్పు మొక్క మన లంకపప్పుకి దగ్గరి చుట్టం, రెండూ లాథైరస్ జాతివే. ద్వీపంలోని పురాతన పట్టణం అక్రొతీరి తవ్వకాల్లో, అగ్నిపర్వతం బూడిద కింద కూడా ఆ గింజలు దొరికాయి. నూనె పులుపు పదును తగ్గిస్తుంది. తిండిలోని నిమ్మరసం వైన్ పులుపుని ఇంకా మెత్తగా తోపిస్తుంది. బొగ్గుల మీద కాల్చిన ఆక్టోపస్, చేప కూడా బాగా కుదురుతాయి. కాల్చిన పీపాలో ఉన్న గ్వయకాల్ కట్టెల పొగలోనూ ఉంటుంది.

ఆవకాయతో మాత్రం వద్దు. మిరపకాయ మంటని పట్టే టీఆర్‌పీవీ1 గ్రాహకాన్ని ఆల్కహాల్ మరింత సున్నితం చేస్తుంది. నోరు మండుతుంటే కొబ్బరీ తెలియదు, లవంగమూ తెలియదు. మన వంటల్లోంచే ఎంచుకోవాలంటే నెయ్యి వేసిన ముద్దపప్పు, కారం తక్కువ వేసి కాల్చిన వంజరం ముక్క.

సగం సీసా మిగిలితే బిరడా బిగించి మళ్ళీ ఫ్రిజ్‌లోనే పెట్టండి. ఇంత పులుపున్న వైన్ మర్నాటికి చెడదు. తాగే ముందు అరగంట బయట ఉంచడం మాత్రం మరవకండి.