ఉక్కు రేకు మీద నయాగరా

పాత బొమ్మల పుస్తకం వేలానికి వస్తే చదువుకోవడానికి కొనేవాళ్ళతో పాటు, విడదీసి అమ్ముకునే వ్యాపారులూ పాడుకుంటారు. కుట్లు తెంపి, ఒక్కో ప్రకృతి దృశ్యానికీ ఫ్రేము కట్టి అమ్మితే పుస్తకం ధర కంటే ఎక్కువే రావచ్చు. పుస్తక ప్రియులకు ఈ పని చూస్తే ఒళ్ళు మండుతుంది. అసలు ఇన్ని బొమ్మలు ఎక్కడివి?

మొదట్లో ఇలాంటి దృశ్యాలను రాగి రేకుల మీద చెక్కి అచ్చు తీసేవారు. రాగి మెత్తన. కొన్ని వందల ప్రతులు తీసేసరికి సన్నగీతలు అరిగిపోయి, మబ్బులు మసకబారేవి. దొంగనోట్లకు విరుగుడుగా ఉక్కు రేకులు వాడే పద్ధతితో అమెరికన్ జేకబ్ పెర్కిన్స్ 1819లో లండన్ వచ్చాడు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోట్ల కాంట్రాక్టు దక్కలేదు గానీ, ఆయనతో చేయి కలిపిన చెక్కడపు పనివాడు చార్లెస్ హీత్ లాంటివాళ్ళు ఆ పద్ధతిని పుస్తకాల్లోకి తెచ్చారు. ఉక్కు మీద గీత వెంట్రుక కంటే సన్నగా పడుతుంది, వేల ప్రతులు తీసినా నిలుస్తుంది.

అదే హీత్‌తో ఇంగ్లిష్ చిత్రకారుడు టర్నర్ ఇంగ్లండ్, వేల్స్ దృశ్యాల వరస మొదలుపెట్టాడు. దానికి మాత్రం రాగే కావాలని పట్టుబట్టాడు. 1827 నుంచి 1838 దాకా సాగి, 96 బొమ్మల దగ్గర ఆగిపోయింది. హీత్ చేతులు కాల్చుకున్నాడు. మరుసటి ఏడు మిగిలిన ప్రతులూ రేకులూ అమ్మకానికి వస్తే టర్నరే 3000 పౌండ్లు పోసి కొనేసుకున్నాడు. అరిగిన రేకులతో ఎవరో తన బొమ్మలు అచ్చేస్తుంటే చూడలేడు మరి! విచిత్రమేమిటంటే, 1830లో శామ్యూల్ రోజర్స్ 'ఇటలీ' కావ్యానికి టర్నర్ వేసిన చిన్న బొమ్మలు ఉక్కు మీద చెక్కినవే. ఆయన్ని మధ్యతరగతి ఇళ్ళకు చేర్చినవి అవే.

ఉక్కుతో అసలు లాభం చూసింది జార్జ్ వర్ట్యూ లాంటి ప్రచురణకర్తలు. చిత్రకారుడు డబ్ల్యు.హెచ్. బార్ట్‌లెట్ 1836లో అమెరికా వెళ్ళి హడ్సన్ నది, నయాగరా గీసుకొచ్చాడు. ఆయన కొండలు నాకైతే ఉన్నదానికంటే ఎత్తుగానే కనిపిస్తాయి. విడి భాగాలుగా అమ్మిన ఆ బొమ్మలు 1840లో 'అమెరికన్ సీనరీ' పేరుతో రెండు సంపుటాలయ్యాయి. తర్వాత ఫొటోలు, చవక అచ్చు పద్ధతులు వచ్చి ఉక్కు పని వెనకబడింది.

అప్పట్లో ఈ పుస్తకాల్లో బొమ్మలు చాలామటుకు నలుపు తెలుపే. ఇప్పుడు ఫ్రేములో కనిపించే నీలాకాశం, పచ్చని చెట్లు సాధారణంగా తర్వాత ఎవరో చేత్తో అద్దినవి. బొమ్మ కింద ఎడమ మూల గీసినవారి పేరు, కుడి మూల చెక్కినవారి పేరు ఉంటాయి. ఫ్రేము అట్ట కింద ఆ రెండు పేర్లూ తరచూ కప్పబడిపోతాయి.