టీవీ వెనక పోర్టు ఖాళీ లేదా? అపోహలు - వాస్తవాలు

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు వైపున్న పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ ఇళ్లలో టీవీలు బిగించడం, బాగుచేయడం నా పని. ఈ మధ్య ఎక్కడికెళ్లినా ఒకటే మాట: "బాబూ, ఎనకాల కన్నం ఖాళీ నేదు, టీవీ మార్చీమంటావేటి?" 32 అంగుళాల టీవీకి మామూలుగా రెండు హెచ్‌డీఎంఐ పోర్టులే (బొమ్మ, శబ్దం ఒకే వైరులో వచ్చే కన్నాలు) ఉంటాయి. ఇంట్లో చూస్తే డీటీహెచ్ బాక్సు, ఫ్రీ డిష్ బాక్సు, నెట్‌లో సినిమాలు చూసే ఫైర్ స్టిక్, సౌండ్‌బార్ (టీవీ దగ్గర పెట్టే పొడుగాటి స్పీకర్), పిల్లల గేమ్ బాక్సు. పోర్టులు చాలడం లేదని వేలు పోసి కొత్త టీవీ కొంటుంటే నాకు నిజంగా బాధేస్తుంది. ఉన్నవాటిని సరైన చోట పెడితే చాలా ఇళ్లలో పాత టీవీతోనే పని జరిగిపోతుంది.

అపోహ: హెచ్‌డీఎంఐ స్విచ్ అన్నా స్ప్లిటర్ అన్నా ఒకటే.

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. రెండూ చూడ్డానికి ఒకేలాంటి చిన్న డబ్బాలు, షాపులో పక్కపక్కనే ఉంటాయి. స్విచ్‌కి వైర్లు లోపలికి మూడు నాలుగు వస్తాయి, టీవీకి ఒకటి వెళుతుంది. స్ప్లిటర్‌ది సరిగ్గా తిరగేసిన పని: ఒక బాక్సు బొమ్మని హాల్లో టీవీకీ, పడగ్గదిలో టీవీకీ పంచుతుంది, అదీ రెండింట్లో ఒకే ఛానెల్. మీకు పోర్టులు తక్కువైతే కావాల్సింది స్విచ్. కొనేటప్పుడు డబ్బా మీద ఇన్, అవుట్ అన్న అక్షరాలు లెక్కపెట్టండి. ఇన్‌లు ఎక్కువుంటే స్విచ్, అవుట్‌లు ఎక్కువుంటే స్ప్లిటర్.

స్విచ్ పెట్టాక వచ్చే ఫిర్యాదు ఇంకొకటుంది. "స్టిక్ ఆన్ చేసినా సెట్‌టాప్ బాక్సు దగ్గరే ఆగిపోతోంది" అంటారు. స్విచ్ పాడైందనుకుని తిరిగి ఇచ్చేస్తారు కూడా. ఆటోమేటిక్ స్విచ్ చాలావరకు హెచ్‌డీఎంఐ వైరులో వచ్చే 5 వోల్టుల కరెంటును చూసి ఏది ఆన్‌లో ఉందో తేల్చుకుంటుంది. సెట్‌టాప్ బాక్సుని రిమోట్‌తో ఆపినా అది స్టాండ్‌బైలోనే ఉంటుంది, చాలా బాక్సులు ఆ 5 వోల్టులు ఇస్తూనే ఉంటాయి. ప్లగ్గు దగ్గర ఆపండి, లేదా స్విచ్ మీదున్న బటన్ నొక్కండి. వేరే అడాప్టర్, రిమోట్ ఉన్న స్విచ్ అయితే ఈ గొడవ తక్కువ. 4కె (చాలా స్పష్టమైన బొమ్మ) స్టిక్ గానీ గేమ్ బాక్సు గానీ ఉంటే 18 జీబీపీఎస్ (వేగం), హెచ్‌డీసీపీ 2.2 (కాపీ కాకుండా కాపాడే తాళం) అని రాసి ఉన్న స్విచ్చే తీసుకోండి. పాత రకం పెడితే బొమ్మ 4కె నుంచి మామూలు హెచ్‌డీకి (1080) పడిపోతుంది, ఒక్కోసారి అసలు రాదు.

అపోహ: ఒడియా ఛానెళ్లకొక బాక్సు, తెలుగు ఛానెళ్లకొక బాక్సు ఉండాల్సిందే.

మన సరిహద్దులో ఇది మామూలే. పిల్లలకి ఒడియా, నాయనమ్మకి తెలుగు సీరియల్స్. కేబుల్ విషయంలో నిజమే, ఆపరేటర్ వేసిందే వస్తుంది. డీటీహెచ్ అలా కాదు. మీకు ఒడిశా ప్యాక్ పెట్టారు కాబట్టి తెలుగు కనిపించడం లేదంతే. 2019 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చిన ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం ఛానెళ్లను విడివిడిగా ఎంచుకోవచ్చు. కావాల్సిన నాలుగు తెలుగు ఛానెళ్లు అదే బాక్సులో కలుపుకుంటే ఒక బాక్సు, ఒక రిమోట్, ఒక పోర్టు మిగులుతాయి.

అపోహ: ఏవీ పోర్టు (మూడు రంగుల వైర్లు పెట్టేది) పాతకాలంది, దేనికీ పనికిరాదు.

దూరదర్శన్ ఫ్రీ డిష్ మామూలు బాక్సు ఇచ్చేది ఎస్‌డీ బొమ్మే, అంటే హెచ్‌డీ కన్నా తక్కువ స్పష్టతది. దాన్ని హెచ్‌డీఎంఐలో పెడితే హెచ్‌డీ అయిపోదు. పసుపు, తెలుపు, ఎరుపు వైర్లతో ఏవీలో పెట్టండి, ఒక హెచ్‌డీఎంఐ ఖాళీ అవుతుంది. కొత్త టీవీల్లో ఏవీ కోసం ఇయర్‌ఫోన్ పిన్నంత చిన్న రంధ్రం ఉంటోంది. టీవీతో పాటు డబ్బాలో వచ్చిన చిన్న వైరు ముక్క దానికే. పారేయకండి. బయట అదే సైజులో దొరికే వైరుకి పిన్ను మీది రింగుల వరుస వేరుగా ఉండొచ్చు, అప్పుడు బొమ్మ రాదు, స్పీకర్‌లో బుర్రుమని మోత వస్తుంది.

సౌండ్‌బార్ గురించి. అది ఏ పోర్టులో పెట్టినా మోగుతుందనుకుంటారు. హెచ్‌డీఎంఐ వైరుతో అయితే ఏఆర్‌సీ లేదా ఈ-ఏఆర్‌సీ (టీవీ నుంచి శబ్దాన్ని బయటికి పంపేది) అని రాసి ఉన్న పోర్టులోనే మోగుతుంది. స్విచ్ ద్వారా పెడితే మామూలుగా మోగదు, నేరుగా టీవీకే ఇవ్వాలి. టీవీ సెట్టింగుల్లో సీఈసీ (హెచ్‌డీఎంఐ వైరు మీదుగా పరికరాలు ఒకదాన్నొకటి నడిపే ఏర్పాటు) ఆన్‌లో ఉండాలి. శాంసంగ్‌లో దాన్ని ఎనీనెట్ ప్లస్ అంటారు, ఎల్‌జీలో సింప్‌లింక్. పోర్టులు మరీ ఇరుకైతే సౌండ్‌బార్‌ని ఆప్టికల్ వైరుకి (శబ్దాన్ని వెలుతురుగా పంపేది) మార్చండి. డాల్బీ డిజిటల్ 5.1 (చుట్టూ వినిపించే శబ్దం) దాకా అందులో హాయిగా వెళుతుంది. కొన్నిట్లో వాల్యూమ్‌కి సౌండ్‌బార్ రిమోట్ వాడాల్సి వస్తుంది, అంతే.

స్టిక్‌కి కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి ఇస్తే చాలనుకోవద్దు. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, అంటే 2.5 వాట్లు. స్టిక్‌తో వచ్చే అడాప్టర్ 5 వాట్లదో అంతకన్నా ఎక్కువదో. సినిమా మధ్యలో దానంతటదే రీస్టార్ట్ అవుతోందంటే నేను ముందు చూసేది ఇదే. టీవీ స్మార్ట్‌దై, యాప్‌లు బాగానే నడుస్తుంటే అసలు స్టిక్ ఎందుకో కూడా ఆలోచించండి.

బంగారు పూత వైరుకి బొమ్మ మెరుగవుతుందన్నది ఉత్తిమాట. రెండు మీటర్లలోపు సరైన వైరైతే చవకదైనా అదే బొమ్మ.

అపోహ: స్టెబిలైజర్ ఉంది, పిడుగుకి భయం లేదు.

ఒడిశా ప్రభుత్వం 2015లోనే పిడుగుపాటుని రాష్ట్ర విపత్తుల్లో చేర్చింది. మన దగ్గర వేసవి వానల కాలంలో నాకు వచ్చే బోర్డుల్లో చాలావాటికి హెచ్‌డీఎంఐ దగ్గరే కాలి ఉంటుంది. స్టెబిలైజర్ కరెంటు హెచ్చుతగ్గుల్ని సరిచేస్తుంది, పిడుగుని ఆపదు. పైగా దెబ్బ కరెంటు వైరులోనే రానక్కర్లేదు. మేడ మీది డిష్ నుంచి, స్తంభం మీది కేబుల్ నుంచి గుండ్రటి వైరు ద్వారా బాక్సులోకి, అక్కణ్నుంచి హెచ్‌డీఎంఐ మీదుగా టీవీలోకి వస్తుంది. స్విచ్ పెట్టి అన్నీ కలిపితే ఆ ఒక్క దారిలో అన్నీ పోవచ్చు. అందుకే ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్టు వాడండి. బాక్సు ముట్టుకుంటే జివ్వుమంటే ఎర్తింగ్ చూపించండి. హెచ్‌డీఎంఐ పెట్టేటప్పుడు, తీసేటప్పుడు రెండు వైపులా ప్లగ్గు ఆపండి. మబ్బు పట్టగానే ప్లగ్గులు తీసి, డిష్ వైరు కూడా బాక్సు నుంచి విప్పేయండి. ఉరుములు మొదలయ్యాక మాత్రం ఆ వైర్ల దగ్గరికి వెళ్లకండి.