దాణాలో గుప్పెడు ఎర్ర నాచు

లేత పచ్చిమేత మీద పడి కడుపారా మేసిన గేదెకు ఒక్కోసారి ఎడమ డొక్క డోలులా ఉబ్బుతుంది. త్రేన్పు రాదు. ఊపిరాడక రొప్పుతుంది. ప్రాణం మీదికొస్తే పశువుల డాక్టరు డొక్కలో లావుపాటి సూది గుచ్చుతాడు, బుస్సుమని గాలి బయటికొస్తుంది. పాడి ఉన్న ఇళ్లకు ఈ కడుపుబ్బరం కొత్తేమీ కాదు. మామూలు రోజుల్లో ఆ గాలి ఎటు పోతుందో మాత్రం పెద్దగా ఆలోచించం. నోట్లోంచే పోతుంది. నెమరు వేస్తూ, త్రేన్చుతూ ఒక పెద్ద ఆవు రోజుకు 250 నుంచి 500 లీటర్ల మీథేన్ వదులుతుంది. కార్టూన్లు వేసేవాళ్లు ఎప్పుడూ తోక వైపే చూపిస్తారు గానీ, కథంతా మూతి వైపే ఉంది.

పశువు మొదటి పొట్ట వంద లీటర్లకు పైగా పట్టే గాబు లాంటిది. మనకు అరగని గడ్డిని అందులోని సూక్ష్మజీవులు పులియబెట్టి పశువుకు ఆహారంగా మారుస్తాయి. ఆ పనిలో హైడ్రోజన్ పుడుతుంది. అది పేరుకుపోతే పులియడం మందగిస్తుంది. అందుకే ఆర్కియా అనే మరో రకం జీవులు ఆ హైడ్రోజన్‌ను కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మీథేన్‌గా మార్చి బతుకుతాయి. పశువుకు దీనివల్ల నష్టమే: మేతలోని శక్తిలో 2 నుంచి 12 శాతం దాకా ఇలా గాలిలో కలుస్తుంది. భూమికీ నష్టమే. వందేళ్ల లెక్కలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కలో 80 రెట్ల వరకూ వేడిని పట్టి ఉంచుతుంది. అయితే గాలిలో దాని ఆయుష్షు సుమారు 12 ఏళ్లే. ఇవాళ తగ్గిస్తే ఫలితం మన కళ్లముందే కనిపిస్తుంది. శాస్త్రవేత్తలు ఆవు మూతి దగ్గర అంతగా కాపు కాస్తున్నది అందుకే.

ఈ మీథేన్‌ను తగ్గించే సముద్రపు నాచు కథ మొదలైంది కెనడాలో. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌లో జో డోర్గన్ అనే రైతు ఒక విషయం గమనించాడు. తుపాను గాలులకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచు తినే తన ఆవులు, లోపలి పొలాల్లో మేసేవాటికంటే ఆరోగ్యంగా ఉన్నాయి, చూలు బాగా నిలుస్తోంది. ఆ నాచును దాణాగా అమ్ముదామనుకున్నాడు. అమ్మాలంటే పరీక్షలు కావాలి. ఆ పని రాబ్ కిన్లీ అనే పరిశోధకుడి చేతికొచ్చింది. ఆరోగ్యం మాట అటుంచి, మీథేన్ 20 శాతం దాకా తగ్గినట్టు తేలింది.

కిన్లీ తర్వాత ఆస్ట్రేలియా వెళ్లాడు. అక్కడ టౌన్స్‌విల్‌లో శాస్త్రవేత్తలు ఇరవై రకాల నాచులను ఆవు పొట్టలోని ద్రవంతో సీసాల్లో పులియబెట్టి చూస్తున్నారు. అస్పరాగాప్సిస్ అనే ఎర్ర నాచు వేసిన సీసాల్లో మీథేన్ దాదాపు సున్నా. మిషనే పాడైందనుకుని మళ్లీ కొలిచారట. మిషన్ బాగానే ఉంది.

ఈ నాచు తనను మేసే చేపల నుంచి కాపాడుకోవడానికి బ్రోమోఫామ్ అనే ఘాటైన రసాయనాన్ని తయారుచేసుకుంటుంది. మీథేన్ తయారీలో చివరి మెట్లలో విటమిన్ బి12 జాతికి చెందిన ఒక అణువు అవసరం. బ్రోమోఫామ్ దాన్ని పట్టేసుకుంటుంది, ఆర్కియా పని ఆగిపోతుంది. అన్నట్టు, హవాయి వాళ్లు ఇదే నాచును లిము కోహు అని పచ్చి చేప ముక్కల్లో కలుపుకుని తింటారు. మనకు ఇంగువ ఎలాగో వాళ్లకు అది అలా.

నిజమైన పశువుల మీద పరీక్షల్లో పెద్ద పేరు ఎర్మియాస్ కెబ్రియాబ్‌ది. ఎరిట్రియాలో పెరిగి, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. 2021లో ఆయన బృందం 21 కోడెలకు 147 రోజులు ఈ నాచు పెట్టింది. కొన్ని రకాల దాణాతో మీథేన్ 80 శాతానికి పైగా తగ్గింది.

ఇక్కడిదాకా చదివితే పండగలాగే ఉంది. పాలిచ్చే ఆవుల దగ్గరకొచ్చేసరికి లెక్క మారింది. అదే బృందం అంతకుముందు హోల్‌స్టీన్ అనే పాడి జాతి ఆవులు పన్నెండింటికి దాణాలో ఒక శాతం నాచు కలిపితే మీథేన్ 67 శాతం తగ్గింది గానీ, ఘాటుకేమో ఆవులు మేత తగ్గించాయి, పాలూ తగ్గాయి. నెదర్లాండ్స్‌లో చేసిన పరీక్షలో కొన్ని పాల నమూనాల్లో బ్రోమోఫామ్ జాడ కనిపించింది. మోతాదు చిన్నదే. అయినా బ్రోమోఫామ్‌ను అమెరికా పర్యావరణ సంస్థ క్యాన్సర్ కారకం కావచ్చని వర్గీకరించింది. పిల్లలు తాగే పాల విషయంలో 'చిన్నదేలే' అంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? ఆస్ట్రేలియాలో వాగ్యూ అనే మాంసపు జాతి పశువులకు సుమారు పది నెలలు పెట్టి చూస్తే మీథేన్ తగ్గింది 28 శాతమే. తగ్గింది సీసాలో 99 శాతం, పాకలో 28. ఈ తేడాను దాచి రాసే వార్తలంటే నాకు చిరాకు.

మన సంగతికొద్దాం. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవులు, గేదెలు కలిపి 30 కోట్లు. తలకు రోజుకు 50 గ్రాముల ఎండు నాచు, అంటే గుప్పెడు అనుకుందాం. రోజుకు 15 వేల టన్నులు, ఏడాదికి 55 లక్షల టన్నులు. పది కిలోల పచ్చి నాచు ఎండితే కిలో అవుతుందనుకుంటే 5.5 కోట్ల టన్నుల పచ్చి నాచు కావాలి. ప్రపంచమంతా కలిపి 2020లో సాగుచేసిన అన్ని రకాల నాచు 3.5 కోట్ల టన్నులు. పైగా ఎండలో ఆరబెడితే బ్రోమోఫామ్ ఎగిరిపోతుంది. చలిలో గడ్డకట్టించి ఆరబెట్టాలి, లేదా నూనెలో ఊరబెట్టాలి. మే నెలలో రేకుల షెడ్డులో దాణా బస్తా ఎంత వేడెక్కుతుందో పాడి రైతులకు చెప్పక్కర్లేదు.

ఇంకో చిక్కు ఉంది. ఈ మందు రోజూ, ప్రతి మేతతోనూ అందితేనే సరిగా పనిచేస్తుంది. అమెరికాలో మాంసం పశువులను ఒకేచోట ఉంచి మేపే ఫీడ్‌లాట్లలో అన్నీ కలిపి తొట్లో పోస్తారు కాబట్టి అది సులువు. మన దగ్గర పొద్దున గట్ల మీద మేత, మధ్యాహ్నం వరిగడ్డి, పాలు పితికేటప్పుడు తవుడూ చెక్కా కలిపిన కుడితి. అదీ పాలిచ్చేవాటికే. ఒట్టిపోయిన గేదెకు, ముసలి ఎద్దుకు దాణా ఎవరు పెడతారు? త్రేన్పులు మాత్రం అవీ తీస్తాయి. అమెరికాలోని మోంటానాలో బయట మేసే పశువులకు నాచును గుళికలుగా చేసి పెడితే దాదాపు 38 శాతం తగ్గిందని 2024లో కెబ్రియాబ్ బృందమే ప్రకటించింది. అది కొంత ఆశ.

మన శాస్త్రవేత్తలు వేరే దారి పట్టారు. బెంగళూరులోని జాతీయ పశు పోషణ సంస్థ టానిన్లనే వగరు పదార్థాలున్న మొక్కల పదార్థాలతో హరిత్ ధార అనే పొడి చేసింది. చింతపిక్కల పొట్టునూ పరీక్షించింది. మీథేన్ 17 నుంచి 20 శాతం తగ్గుతుందని సంస్థ చెబుతోంది. నాచుతో పోలిస్తే తక్కువే. కానీ చింతపిక్కలు సముద్రం దాటి రావాల్సిన పని లేదు, నా ఓటు వాటికే.

ఇంతలో కెబ్రియాబ్ మరో పని మొదలుపెట్టాడు. జన్యు కత్తెర క్రిస్పర్‌కు నోబెల్ అందుకున్న జెన్నిఫర్ డౌడ్నా సంస్థతో కలిసి, పొట్టలోని సూక్ష్మజీవులనే మార్చే ప్రయత్నం అది. రోజూ దాణాలో ఏదీ కలపకుండా, నట్టల మందు తాగించినట్టు దూడకు చిన్నప్పుడే ఒక్కసారి ఇస్తే జీవితాంతం పనిచేయాలన్నది వాళ్ల ఆలోచన. అది ఫలిస్తే ఆ దూడ పెద్దయ్యాక గట్టు మీద మేసినా, గడ్డివాము కింద పడుకుని నెమరు వేసినా ఒకటే.