స్టీల్ ప్లాంటు, కొత్త టెక్నాలజీ: మన వైపు వినబడే అపోహలు, అసలు వాస్తవాలు

ఇరవై రెండేళ్ళుగా నా బతుకు ఫర్నేస్ పక్కనే. మొదట్లో మెల్టింగ్ షాపులో షిఫ్టు డ్యూటీలు, ఇప్పుడు చిన్నా చితకా మిల్లులకి కొత్త మిషనరీ పెట్టించే ప్రాజెక్టు పనులు. సొంతూరు గూడూరు దగ్గర. అందుకని పెళ్ళికెళ్ళినా, తద్దినానికెళ్ళినా ఎవరో ఒకరు పక్కకి లాగి "ఏందన్నా, మన వైపు పెద్ద స్టీల్ ఫ్యాక్టరీ ఎప్పుడొస్తది?" అంటారు. నిలబడి చెప్పే జవాబులు సగంలో ఆగిపోతున్నాయి కాబట్టి ఇక్కడ కూర్చుని రాస్తున్నా.

అపోహ: ఒంగోలు కొండల్లో ఇనుము ఉంది. కాబట్టి ఫ్యాక్టరీ అక్కడ పెట్టాల్సిందే.

వాస్తవం: ఇనుము ఉన్నమాట నిజమే. కొణిజేడు, మర్లపాడు, యరజర్ల వైపు కొండరాయి దగ్గర అయస్కాంతం పెడితే టక్కున అతుక్కుంటుంది. అది మ్యాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం. కానీ ఆ రాయిలో ఇనుము మూడో వంతు, కాస్త అటూ ఇటూ. మిగతాది చాలావరకు పలుగురాయి. బళ్ళారి మంచి ఖనిజంలో ఇనుము 60 శాతం పైనే ఉంటుంది. మన రాయిని ఫర్నేస్‌లోకి పంపాలంటే ముందు పిండిలా నూరాలి, అయస్కాంతాలతో ఇనుప పొడిని వేరు చేయాలి, ఆ పొడిని ఉండలు కట్టి కాల్చాలి. రెండున్నర, మూడు టన్నుల రాయి నూరితే టన్ను పొడి దక్కుతుంది. ఒక టన్ను స్టీలుకి ఖనిజం టన్నున్నర పైనే కావాలి. నూరడానికి కరెంటు, కడగడానికి నీళ్ళు, మిగిలిపోయిన బురద పోయడానికి చోటు. ఒంగోలు వేసవిలో నీళ్ళ సంగతి నేను చెప్పాలా?

అయినా ఆ రాయిని పూర్తిగా తీసిపారేయను. మ్యాగ్నటైట్ ఉండలు కాలేటప్పుడు వాటంతట అవే కొంత వేడి పుట్టిస్తాయి, ఆ మేరకు ఇంధనం కలిసొస్తుంది. మంచి ఖనిజం రేటు బాగా పెరిగిన రోజు ఈ కొండల లెక్క మారొచ్చు.

ఖనిజం ఒక్కటే చూస్తే సరిపోదు కూడా. బొగ్గుతో ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేస్ దారిలో టన్ను స్టీలుకి ముప్పావు టన్ను దాకా కోకింగ్ కోల్ అనే ప్రత్యేక రకం బొగ్గు కావాలి. అందులో ఎక్కువ భాగం మన దేశం బయటినుంచే తెచ్చుకుంటుంది, ముఖ్యంగా ఆస్ట్రేలియా నుంచి. అందుకే కంపెనీలవాళ్ళు మ్యాపు ముందేసుకుంటే కొండకన్నా ముందు కృష్ణపట్నం పోర్టు చూస్తారు, ఆ తర్వాత వెంకటాచలం నుంచి ఓబులవారిపల్లెకి పోయే రైలు మార్గం చూస్తారు. అలాగని పోర్టు ఉంటే చాలనుకోవద్దు. విశాఖ స్టీల్‌కి సముద్రం పక్కనే ఉంది, సొంత ఇనుప ఖనిజం గని లేదు. ఖనిజం రేటు పెరిగినప్పుడల్లా దానికి ఊపిరాడదు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ఇవ్వాల్సి వచ్చింది. అన్ని అప్పులకీ గని లేకపోవడమే కారణం అనను గానీ, పెద్ద కారణాల్లో అదొకటి.

అపోహ: కొత్త మిషన్ కొంటే కొత్త టెక్నాలజీ వచ్చేసినట్టే.

వాస్తవం: ఇది ఓనర్లలోనే ఎక్కువ. ఒక మిల్లులో మేం డైరెక్ట్ రోలింగ్ పెట్టాం. ఆలోచన బంగారం లాంటిది. కరిగిన స్టీలుని అచ్చుపోసే కాస్టర్ నుంచి వచ్చే బిల్లెట్ (పొడుగాటి స్టీలు దిమ్మ) ఎర్రగానే ఉంటుంది. దాన్ని చల్లార్చి, మళ్ళీ రీహీటింగ్ ఫర్నేస్‌లో బొగ్గు తగలేసి కాల్చడం దేనికి? వేడి మీదే రాడ్డుగా సాగదీసే రోలింగ్‌కి పంపితే బొగ్గు మిగులుతుంది, మళ్ళీ కాల్చేటప్పుడు పొలుసుగా రాలిపోయే ఇనుమూ మిగులుతుంది. ఓనర్ ఎంత మురిసిపోయాడంటే పాత రీహీటింగ్ ఫర్నేస్‌ని ఆ వారమే పగలగొట్టించి తుక్కు కింద అమ్మేశాడు.

మూడో రోజు నైట్ షిఫ్టులో పాస్ (రోలు మీద రాడ్డుకి ఆకారం తెచ్చే గాడి) మార్చడానికి మిల్లు ఇరవై నిమిషాలు ఆపారు. ఆ ఇరవై నిమిషాలూ బిల్లెట్లు బల్ల మీదే. నడుమ ఎర్రగానే ఉంది, అంచులు మాత్రం నల్లబడుతున్నాయి. అంచులు ముందు చల్లారతాయని అందరికీ తెలుసు, ఆ రాత్రి ఎవరికీ గుర్తు రాలేదు. మిల్లు స్టార్ట్ చేసి మొదటి బిల్లెట్ పంపగానే రోళ్ళు బిగించిన స్టాండ్ దాటిన రాడ్డు దారి తప్పి పైకి లేచి, జిలేబీ చుట్టలా కింద కుప్ప పడింది. రెండోదానికి రోలు విరిగింది. మనుషులు దూరంగా ఉన్నారు కాబట్టి సరిపోయింది. తెల్లారేసరికి నలభై బిల్లెట్లు చల్లారి కూర్చున్నాయి. వాటిని మళ్ళీ కాల్చే ఫర్నేస్ ఏదీ? అమ్మేశాం కదా.

మిషన్ తప్పేం లేదు. హీట్‌కీ హీట్‌కీ (ఫర్నేస్‌లో ఒకసారి కరిగించే సరుకు ఒక హీట్) మధ్య గ్యాప్, మిల్లు స్పీడు ఒక తాళానికి రావాలి. అది కొటేషన్‌లో ఉండదు. తర్వాత బిల్లెట్ల మీద మూత పెట్టించాం, అంచులు వేడి చేసే చిన్న ఇండక్షన్ హీటర్ కొన్నాం, పాస్ మార్చడం రెండు హీట్ల మధ్యకే జరిపాం. దారికి రావడానికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలల నష్టం పెట్టుబడి లెక్కలో ఎవరూ రాయలేదు. అప్పట్నుంచీ నేను ఏ ప్రాజెక్టు రిపోర్టు రాసినా "పాతది ఏడాది దాకా ముట్టుకోవద్దు" అన్నది మొదటి లైను.

అపోహ: బొగ్గు పని అయిపోయింది, ఇక అంతా హైడ్రోజనే.

వాస్తవం: బొగ్గు బదులు హైడ్రోజన్‌తో ఖనిజం నుంచి ఇనుము తీయొచ్చు. స్వీడన్‌లో 2021లోనే తీసి చూపించారు. చిక్కంతా కరెంటుతో. టన్ను ఇనుముకి 50 కిలోల పైన హైడ్రోజన్ కావాలి, నీళ్ళ నుంచి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్ల పైన కరెంటు కావాలి. అంటే టన్నుకి 2,500 యూనిట్ల పైమాటే. నెలకి 200 యూనిట్లు వాడే ఇల్లు ఏడాదంతా కాల్చే కరెంటు అది. ఆర్సెలర్ మిట్టల్ అనే పెద్ద స్టీల్ కంపెనీకి జర్మనీ ప్రభుత్వం 130 కోట్ల యూరోల సబ్సిడీ ఇస్తానన్నా, లెక్క కుదరడం లేదని 2025 జూన్‌లో అక్కడి హైడ్రోజన్ ప్లాన్ వదులుకుంది.

ఇంకో ముచ్చట. 2024 సెప్టెంబరులో టాటా స్టీల్ బ్రిటన్‌లోని పోర్ట్ టాల్బట్‌లో చివరి బ్లాస్ట్ ఫర్నేస్ ఆర్పేసింది. దాని బదులు 125 కోట్ల పౌండ్లతో స్క్రాప్ కరిగించే ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేస్ పెడుతోంది, అందులో 50 కోట్లు అక్కడి ప్రభుత్వం సొమ్ము. అదే నెలలో అదే కంపెనీ ఒడిశాలోని కళింగనగర్‌లో దేశంలోకెల్లా పెద్ద బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగించింది. రెండు నాలుకలేం కాదిది. బ్రిటన్‌లో పాత ఇనుము గుట్టలుగా ఉంది, వాళ్ళకే ఎక్కువై ఎగుమతి చేస్తున్నారు. మన దగ్గర ఖనిజం ఉంది, కూలగొట్టడానికి పాత బిల్డింగులు ఇంకా అన్ని లేవు. పైగా బ్లాస్ట్ ఫర్నేస్ ఒకసారి వెలిగిస్తే పదిహేను, ఇరవై ఏళ్ళు నడుస్తుంది. లోపలి ఇటుక అరిగిపోయి మళ్ళీ కట్టాల్సి వచ్చినప్పుడే కంపెనీకి దారి మార్చుకునే అవకాశం. ఆ అవకాశం దాటితే మళ్ళీ ఒక తరం ఆగాలి.

అపోహ: స్క్రాప్‌తో చేసిన స్టీలు నాసిరకం.

వాస్తవం: నెల్లూరులో ఇల్లు కట్టేవాళ్ళందరూ అడిగేది ఇదే. స్క్రాప్ తప్పు కాదు, దాన్ని శుభ్రం చేశారా లేదా అన్నదే ప్రశ్న. చిన్న మిల్లుల్లో కరెంటుతో నడిచే మామూలు ఇండక్షన్ ఫర్నేస్ స్క్రాప్‌ని కరిగిస్తుందే గానీ భాస్వరాన్ని బయటికి పంపలేదు, దాని లోపలి పూత అలాంటిది. భాస్వరం ఎక్కువైతే రాడ్డు వంచినచోట పుటుక్కున విరుగుతుంది. అందుకే మంచి మిల్లు స్క్రాప్ ఏరుకుని కొంటుంది, కరిగిన స్టీలుని శుభ్రం చేసే లాడిల్ రిఫైనింగ్ ఫర్నేస్ మీద డబ్బు పెడుతుంది. కాంక్రీటు కడ్డీలకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 1786 ప్రకారం ఎఫ్‌ఈ 500 రకం కడ్డీలో గంధకం, భాస్వరం కలిపి 0.105 శాతం దాటకూడదు, 500డీ రకంలో 0.075 దాటకూడదు. ఆ ఒక్క 'డీ' అక్షరం కోసం మిల్లువాడు పడే తంటా చాలానే ఉంది. ఈసారి కడ్డీ కొనేటప్పుడు లోడుతో పాటు టెస్ట్ సర్టిఫికెట్ అడగండి. అందులోని హీట్ నంబరు, కట్టకి వేలాడే ట్యాగు మీది నంబరు ఒకటేనా కాదా చూడండి. షాపువాడు "అవన్నీ ఎందుకు సార్, మనం మనం" అంటే లోడు దించనివ్వకండి.